పలుకుబడి ఎవరిది? ఇంగ్లీషు జాతీయాలు, మన వాడుక మాటలు



గత పాఠంలో ఇంగ్లీషు జాతీయాల పట్టిక ఒకటి మీ ముందు పెట్టాం. ఎడమవైపు జాతీయం, మధ్యలో దాని ఇంగ్లీషు అర్థం, కుడివైపు తెలుగు సమానార్థకం. మీలో చాలామంది దాన్ని ఇప్పటికే కంఠస్థం చేసి ఉంటారు. పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న అందులోంచే వస్తుందని మీకు తెలుసు, నాకూ తెలుసు. ఈ పాఠంలో కొత్త పట్టిక లేదు. ఆ పాత పట్టికనే కొంచెం అనుమానంగా చూడబోతున్నాం. జాతీయం పక్కన రాసిన అర్థం మనకు ఏం చెబుతున్నది, ఏం చెప్పకుండా వదిలేస్తున్నది అని అడగబోతున్నాం. ఈ పాఠం చదివాక, ఏ జాతీయం కనబడినా 'దీని అర్థమేమిటి' అన్న ప్రశ్నతో ఆగకుండా 'దీన్ని ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అంటారు' అని కూడా మీరు అడగగలగాలి.

ఈ పాఠం ఎందుకు రాయాల్సి వచ్చిందో ముందు చెప్పాలి. చాలా ఏళ్ల కిందట జవాబుపత్రాలు దిద్దుతున్నాను. తాతగారు చనిపోయిన స్నేహితునికి ఇంగ్లీషులో ఓదార్పు ఉత్తరం రాయమని ప్రశ్న. ఒక అభ్యర్థి ఎంతో శ్రద్ధగా, గుండ్రటి చేతిరాతతో ఉత్తరం మొదలుపెట్టాడు: 'యువర్ గ్రాండ్‌ఫాదర్ హాజ్ కిక్డ్ ద బకెట్ అని తెలిసి చాలా బాధపడ్డాను' అని. వాక్యంలో వ్యాకరణదోషం ఒక్కటీ లేదు. పట్టికలో ఆ జాతీయం ఎదురుగా 'చనిపోవు' అని ఉంది, ఆ అబ్బాయి నమ్మాడు. నేను ఎర్ర సిరాతో సున్నా చుట్టాను. ఇంటికి వచ్చాక ఆ సున్నా నన్ను వదల్లేదు. అది పడాల్సింది ఆ అబ్బాయికా, పట్టిక రాసినవాళ్లకా? ఆ రోజుల్లో అటువంటి పట్టికలు నేనూ కొన్ని రాశాను.

ఇంటి నుంచే మొదలు

ఇంగ్లీషును కాసేపు పక్కన పెట్టండి. ఇంట్లో బియ్యం అయిపోతే మీ అమ్మ ఏమంటుంది? 'బియ్యం నిండుకున్నయి' అంటుంది. తెలుగు కొత్తగా నేర్చుకుంటున్న విదేశీయుడు నిఘంటువు తీసి 'నిండు' అన్న మాట వెతికితే ఏమవుతుంది? గాదె నిండుగా ఉందని సంతోషించి భోజనానికి కూర్చుంటాడు. దీపం ఆరిపోయింది అనడానికి మన పెద్దలకు నోరు రాదు, 'కొండెక్కింది' అంటారు. గడప దాటుతూ 'పోతున్న' అనం, 'పోయొస్త' అంటాం. పొరపాటున 'పోతున్న' అంటే లోపలినుంచి 'పోయొస్త అనరా' అని నాయనమ్మ గద్దిస్తుంది.

ఈ మూడు మాటల్లోనూ పైకి వినబడే అర్థం ఒకటి, లోపలి అర్థం మరొకటి. ఆ రెండింటి మధ్యలో ఒక భయం ఉంది, ఒక మర్యాద ఉంది. లేమిని, చీకటిని, తిరిగి రాకపోవడాన్ని నోటితో అనకూడదన్న పట్టింపు ఉంది. 'బియ్యం నిండుకున్నయి' అంటే 'అయిపోయినయి' అని అర్థం రాసినప్పుడు విషయం తెలిసింది, పట్టింపు జారిపోయింది. ఏ భాష జాతీయంలోనైనా జరిగేది ఇదే. పదాల విడి అర్థాలన్నీ కూడినా మొత్తం అర్థం రాదు. విడి అర్థాలు దాటి సంఘం ఒప్పుకున్న అర్థంలో నిలిచిపోయిన పదబంధాన్ని జాతీయం అంటాం. పూర్తి వాక్యంగా నిలబడి అనుభవాన్నో నీతినో చెప్పేది సామెత. నుడికారం అనే మాటను ఇంకా విశాలంగా, ఒక భాష మొత్తం నడక అన్న అర్థంలో వాడతాం.

ఇంకొక మాట ఉంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది: పలుకుబడి. ఈ మాటకు జాతీయం, వాడుక అని ఒక అర్థం. 'ఆయనకు మండలంలో మంచి పలుకుబడి ఉంది' అన్నప్పుడు అధికారం, మాట చెల్లుబాటు అని ఇంకో అర్థం. ఈ రెండూ ఒకే మాటలో ఉండటం ఊరికే అనిపించదు నాకు. ఎవరి పలుకు చెల్లుతుందో వారిదే పలుకుబడి. ఇంగ్లీషు జాతీయాలు నేర్చుకోవాలని మీరు పడే తపనలో ఈ రెండో అర్థం పాలే ఎక్కువ. అది తప్పు కాదు. ఉద్యోగానికి పోయినచోట మన మాట చెల్లాలి గదా.

కాలం అంటే ఏమిటి?

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో వినబడే ఒక మాట తీసుకుందాం: 'ఈ యేడు కాలం గాలే.' దీన్ని పదం పదంగా ఇంగ్లీషులోకి మారిస్తే 'ఈ సంవత్సరం టైమ్ జరగలేదు' అని వస్తుంది. ఇంగ్లీషువాడికి ఒక్క ముక్క అర్థం కాదు. మన దగ్గర చదువు రాని ముసలమ్మకు కూడా వివరించాల్సిన అవసరం లేదు. వానలు పడలేదు, చెల్కలు తడవలేదు, వేసిన ఆముదాలో జొన్నలో చేతికి రాలేదు అని అర్థం. 'కాలమైతే అప్పు తీరుస్త' అని రైతు అంటే వానలు పడి పంట పండితే అని. ఇక్కడ కాలమంటే గడియారం కాదు, వాన.

అదే 'కాలం' మరోచోట మరోలా పలుకుతుంది. 'కాలం చేశారు' అంటే చనిపోయారు. 'కాలం కలిసొచ్చింది' అంటే అదృష్టం పట్టింది. 'కాలం చెల్లింది' అంటే పనికిరాకుండా పోయింది. చిన్న క్రియ మారితే చావు, పంట, అదృష్టం అన్నీ మారిపోతున్నాయి.

ఇప్పుడు ఇంగ్లీషువాళ్లు 'టైమ్' గురించి ఎలా మాట్లాడతారో చూడండి. టైమ్ స్పెండ్ చేస్తారు, సేవ్ చేస్తారు, వేస్ట్ చేస్తారు, ఇన్వెస్ట్ చేస్తారు, అవసరమైతే కొంత బై కూడా చేస్తారు. ఇవన్నీ డబ్బుకు వాడే క్రియలే. 1980లో జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ అనే ఇద్దరు అమెరికన్ పండితులు 'మెటఫర్స్ వి లివ్ బై' అనే పుస్తకం రాశారు. రూపకం అనేది కవుల సొత్తు మాత్రమే కాదనీ, మనం రోజూ ఆలోచించే తీరే రూపకాల మీద నడుస్తుందనీ వారి వాదం. టైమ్‌ను డబ్బుగా చూడటం వారిచ్చిన ముఖ్య ఉదాహరణల్లో ఒకటి. గంటల లెక్కన కూలి ఇచ్చే సమాజంలో ఆ రూపకం బలపడటం సహజం. వానను నమ్ముకొని బతికే మెట్టప్రాంతంలో కాలం వానగా మారటం కూడా అంతే సహజం.

వాన పడనప్పుడు ఏం జరుగుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. పిల్లల్ని ముసలోళ్ల దగ్గర వదిలి దేశమంతా ఆనకట్టల కిందికి, రోడ్ల పనులకు పోయినవాళ్ల జిల్లా ఇది. 'పాలమూరు లేబర్' అన్న రెండు పదాలు కలిసి ఒక జాతీయంలా స్థిరపడిపోయాయి. ఆ మాట వినగానే దూరప్రాంతపు మేస్త్రీకి ఒక రకమైన మనిషి కళ్ల ముందు కనబడతాడు. ఈ జాతీయం ఏ పట్టికలోనూ ఉండదు. జాతీయాలన్నీ ముచ్చటైనవి కావు. కొన్ని మనుషుల మీద వేసిన ముద్రలు.

పట్టిక ఎక్కడ తప్పుతుంది?

మళ్లీ ఆ ఓదార్పు ఉత్తరం దగ్గరికి వద్దాం. 'కిక్ ద బకెట్' అంటే చనిపోవడమే. కానీ అది పరాచికపు మాట. మనకు దగ్గరివాళ్లు పోతే అనే మాట కాదు. తెలుగులో దీన్నే కొందరు 'బాల్చీ తన్నేశాడు' అని యథాతథంగా దించుకున్నారు. ఆ మాటను మీ స్నేహితుని తాత విషయంలో అనగలరా? 'టపా కట్టేశాడు' అనగలరా? 'పరమపదించారు' అంటే పత్రికల భాష అవుతుంది, 'కాలం చేశారు' అంటే గౌరవం, 'పెద్దాయన పోయిండు' అంటే ఊళ్లో దగ్గరితనం. తెలుగులో ఈ మెట్లన్నీ మనకు చిన్నప్పుడే తెలుసు, ఎవరూ నేర్పలేదు. ఇంగ్లీషులోనూ అదే విధంగా మెట్లున్నాయి. 'పాస్డ్ అవే' ఒక మెట్టు, 'డైడ్' మరొకటి, 'కిక్డ్ ద బకెట్' అన్నిటికన్నా కింది మెట్టు. పట్టిక అన్నిటినీ ఒకే మట్టం మీద నిలబెడుతుంది. నా దృష్టిలో పట్టిక చేసే అతి పెద్ద ద్రోహం ఇదే. మిగిలిన తప్పుల్ని సర్దుకోవచ్చు.

మరో తప్పు, పాతబడిన మాటల్ని కొత్తవాటితో కలిపి అమ్మడం. 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' లేని గైడు నేను చూడలేదు. ఇంగ్లీషువాళ్లు ఇవాళ మామూలు మాటల్లో 'ఇట్స్ పోరింగ్' అనే ఎక్కువగా అంటారు. పైగా దీని పుట్టుక గురించి ఒక కథ చెబుతారు: పూర్వం కుక్కలూ పిల్లులూ గడ్డి కప్పుల మీద పడుకునేవనీ, పెద్దవాన వస్తే జారి కింద పడేవనీ. వినడానికి బాగుంది, ఆధారం లేదు. జాతీయాల పుట్టుక గురించి మరీ చక్కగా కుదిరిన కథ వింటే కొంచెం అనుమానించండి. మనవాళ్లు అటువంటి వానకు 'దంచి కొట్టింది' అంటారు. రోట్లో రోకటి దెబ్బ విన్నవాళ్లకు ఆ మాటలో వాన చప్పుడు కూడా వినబడుతుంది.

సమానార్థకాల సంగతి మరీ ఆసక్తికరం. 'ఎ బ్యాడ్ వర్క్‌మన్ బ్లేమ్స్ హిస్ టూల్స్' అన్నదానికి ఎదురుగా ప్రతి పుస్తకంలోనూ 'ఆడలేక మద్దెల ఓడు' అని ఉంటుంది. నేనూ ముప్పై ఏళ్లు అలాగే చెప్పాను. ఒకసారి నిదానంగా చూడండి. ఇంగ్లీషు పనివాడు నిందిస్తున్నది తన పనిముట్లనే. మన సామెతలో ఆడుతున్నది ఒకరు, మద్దెల వాయిస్తున్నది మరొకరు. ఆట తప్పిన మనిషి తన కాళ్లను కాదు, తన గజ్జెలనూ కాదు, పక్కవాడి చేతిలోని మద్దెలను తప్పు పడుతున్నది. అంటే నేరం మరొకరి మీదికి పోతున్నది. రెండూ సాకు వెతకడమే, నిజమే. కానీ ఆఫీసులో పై అధికారి తన తప్పును గుమాస్తా మీదికి నెట్టినప్పుడు మన సామెత అతికినట్టు సరిపోతుంది, ఇంగ్లీషుది సరిపోదు. కలం బాగాలేక చేతిరాత చెడిందని పిల్లవాడు అన్నప్పుడు ఇంగ్లీషుదే ఎక్కువ నప్పుతుంది. 'సమానార్థకం' అన్న మాటను ఇకమీదట కొంచెం జాగ్రత్తగా వాడుదాం. చుట్టరికం ఉందనండి చాలు, కవలలు అనొద్దు.

గోరంతను కొండంత చేయడం, 'మేకింగ్ ఎ మౌంటెన్ అవుట్ ఆఫ్ ఎ మోల్‌హిల్' వంటివి మాత్రం చాలా దగ్గరగా కుదురుతాయి. వీటి దగ్గర ఆగనవసరం లేదు.

పదకొండో గంట

'ఎట్ ది ఎలెవెంత్ అవర్' అన్న జాతీయానికి 'చివరి క్షణంలో' అని అర్థం నేర్చుకున్నారు. పదకొండు ఎందుకు? పన్నెండు గంటలకు ఒక గంట ముందు కాబట్టి అని చాలామంది అనుకుంటారు. సగం నిజం. ఈ మాట బైబిల్లోని మత్తయి సువార్త 20వ అధ్యాయంలో ఒక ఉపమానం నుంచి వచ్చింది. ఒక ద్రాక్షతోట యజమాని తెల్లవారగానే సంతకు పోయి కూలీలను మాట్లాడుకుంటాడు. రోజుకు ఒక దేనారం కూలి. మళ్లీ మూడో గంటకు, ఆరో గంటకు, తొమ్మిదో గంటకు పోయి ఇంకొందరిని తెస్తాడు. ఆనాటి లెక్కలో పగలంతా పన్నెండు గంటలు. పదకొండో గంట అంటే పొద్దు గూకడానికి ఇంక ఒక్క గంట ఉందన్నమాట, మన లెక్కలో సుమారు సాయంత్రం ఐదు. అప్పటికీ అక్కడ నిలబడి ఉన్నవాళ్లను చూసి ఎందుకు ఊరికే ఉన్నారని అడిగితే, మమ్మల్ని ఎవరూ పనికి పిలవలేదు అంటారు. వాళ్లనూ తోటకు పంపుతాడు. పొద్దుగూకాక అందరికీ అదే ఒక్క దేనారం ఇస్తాడు. పొద్దంతా ఎండలో పనిచేసినవాళ్లు గొణుక్కుంటారు.

ఇప్పుడు మహబూబ్‌నగర్ పట్టణంలో పొద్దున్నే కూలీల అడ్డా దగ్గర ఒకసారి నిలబడండి. మీలో కొందరు చూసినవాళ్లు కాదు, నిలబడినవాళ్లే అయి ఉంటారు. చేతిలో సద్ది టిఫిను, భుజాన తువాల. ఎనిమిదింటి వరకు ఆశ ఉంటుంది. పది దాటితే ఇంక ఎవరూ రారు, సద్ది గిన్నె మూత తీయకుండానే ఇల్లు చేరాలి. ఇంగ్లీషు మాతృభాషగా పుట్టినవాళ్లకు ఇవాళ 'ఎలెవెంత్ అవర్' అంటే పరీక్ష ఫీజు ఆఖరి రోజు కట్టినట్టు ఉట్టి తొందర మాత్రమే. ఆ మాటలోని కూలి, పిలుపు కోసం నిలబడటం, ఇంటిదగ్గర ఎదురుచూసే పొయ్యి, ఇవన్నీ అరిగిపోయాయి. కథ తెలిస్తే ఆ జాతీయం వాళ్లకన్నా మీకు ఎక్కువ తెలిసినట్టే.

అయితే ఒక హెచ్చరిక. పుట్టుక తెలిసినంత మాత్రాన వాడకం తెలిసినట్టు కాదు. 'లయన్స్ షేర్' ఈసపు కథల్లోది. ఆ కథలో సింహం వేటలో తోడు వచ్చిన జంతువులకు ఏమీ మిగల్చకుండా మొత్తం తానే తీసుకుంటుంది. ఇవాళ ఆ మాటకు 'మొత్తం' అని అర్థం కాదు, 'ఎక్కువ భాగం' అని. పుట్టుకను పట్టుకొని వేలాడితే ఇక్కడ తప్పు రాస్తారు. పుట్టుక జ్ఞాపకానికి పనికివస్తుంది, అర్థాన్ని నిర్ణయించేది వాడుక.

నల్లగొండ జిల్లా విద్యార్థులకు ఇంకొకటి. 'ఆన్ టెంటర్‌హుక్స్' అంటే ఏం జరుగుతుందో అని ఉద్విగ్నంగా ఎదురుచూడటం. ఉన్నిబట్టను ఉతికాక ముడుచుకుపోకుండా చట్రానికి కొక్కేలతో బిగించి ఆరబెట్టేవారు, ఆ కొక్కేలే టెంటర్‌హుక్స్. పోచంపల్లిలోనో పుట్టపాకలోనో పడుగు సాగదీసి కట్టడం చూసినవాళ్లకు ఆ బిగువు ఎలాంటిదో వేరే చెప్పాలా?

భయపడుతున్నది ఎవరు?

జాతీయాలకన్నా మనల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టేవి రోజువారీ మాటలు. ఒక ఆదివారం కాంటాక్టు తరగతిలో ఒక విద్యార్థి తనకు వచ్చిన ఉత్తరం తెచ్చి చూపించాడు. ఏదో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నాడు. 'వి ఆర్ అఫ్రెయిడ్ ద పొజిషన్ హాజ్ బీన్ ఫిల్డ్' అని జవాబు వచ్చింది. 'సార్, వాళ్లు ఎవరికి భయపడుతున్నరు?' అని అడిగాడు. తరగతి గొల్లుమంది. నేనూ నవ్వాను. ఆ తరవాత అతను మళ్లీ ప్రశ్న అడగలేదు. ఇన్నేళ్ల తరవాత కూడా ఆ నవ్వు నాకు గుర్తుంది. అతని ప్రశ్నలో తప్పేమీ లేదు. నిఘంటువు ప్రకారం 'అఫ్రెయిడ్' అంటే భయపడినవాడే. 'కాదు' అన్న మాటను మెత్తగా చెప్పడానికి ఇంగ్లీషువాళ్లు భయం నటిస్తారని ఏ పట్టికా అతనికి చెప్పలేదు. మన దగ్గర బియ్యం నిండుకోవడం ఎలాంటిదో అక్కడ భయపడటం అలాంటిది. ఆ ఒక్క పోలిక ఆ రోజు నాకు తట్టి ఉంటే బాగుండేది.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. 'హౌ డు యు డు' అన్నది ఆరోగ్యం గురించిన ప్రశ్న కాదు, పరిచయపు పలకరింపు. దానికి జ్వరం సంగతి చెప్పకూడదు. మన ఊళ్లో 'బువ్వ తిన్నవా?' అని అడిగినవాళ్లు మీ ఇంటి వంట లెక్క అడగడం లేదు గదా. 'నాట్ బ్యాడ్' అంటే చాలాసార్లు మెప్పే. 'యు మస్ట్ కమ్ ఫర్ డిన్నర్ సమ్‌టైమ్' అంటే మర్యాద, ఇంకా పిలుపు కాలేదు. తేదీ చెప్పినప్పుడే అది పిలుపు.

పరభాషలోనే ఇలా జరుగుతుందనుకోకండి. కోస్తా జిల్లా నుంచి వచ్చి నల్లగొండలో పనిచేసిన ఒక సహోద్యోగిని ఉండేవారు. ఒకనాడు అటెండరు, 'మా ఇంట్ల సావైతే పెద్దసారు వచ్చి మందలిచ్చి పోయిండు, మంచి మనిషి' అన్నాడు. ఆమె నిర్ఘాంతపోయారు. చావు జరిగిన ఇంటికి పోయి కోప్పడటమేమిటి, కోప్పడినవాడు మంచివాడు కావడమేమిటి? ఆమె తెలుగులో మందలించడమంటే తప్పు చేసినవాణ్ని గద్దించడం. మన తెలుగులో మందలించడమంటే పలకరించడం, మంచిచెడ్డలు అడగడం. ఒకే భాష, ఒకే క్రియ, అర్థాలు ఎదురెదురు. ఇద్దరిలో ఎవరి తెలుగూ తప్పు కాదు. పాఠ్యపుస్తకాల్లోకి మాత్రం చాలాకాలం ఒకరి అర్థమే ఎక్కింది. పలుకుబడికి ఉన్న రెండో అర్థం ఇక్కడ పనిచేసింది.

పత్రికల తెలుగు

ఇంగ్లీషు జాతీయాలు మన పత్రికల్లోకి తెలుగు బట్టలు కట్టుకొని వస్తుంటాయి. మైలురాయి, సింహభాగం, మొసలి కన్నీరు, తెల్ల ఏనుగు, ఎర్ర తివాచీ, పచ్చజెండా ఊపడం, కీలకపాత్ర పోషించడం. వీటన్నిటినీ ఒకే గాటన కట్టి 'దిగుమతి సరుకు' అని తిట్టేవాళ్లున్నారు. నేను వారితో ఏకీభవించను. అప్పు తెచ్చుకోకుండా పెరిగిన భాష లేదు. ఇంగ్లీషు రాకముందు మన ప్రాంతపు తెలుగు ఉర్దూ నుంచి, పారసీ నుంచి ఎంత తెచ్చుకున్నదో లెక్కలేదు. ఇజ్జత్, పరేషాన్ అనకుండా మనం ఒక్క పూట గడపలేం.

నా పరీక్ష ఒక్కటే. ఇంగ్లీషు రాని మనిషికి ఆ మాట బొమ్మ కట్టి చూపిస్తున్నదా? 'మొసలి కన్నీరు' చూపిస్తుంది. మొసలి వేటను తింటూ ఏడుస్తుందన్న పాత యూరప్ నమ్మకం తెలియకపోయినా, కృష్ణ ఒడ్డున ఉన్నవాళ్లకు మొసలి ఎలాంటిదో తెలుసు. అది ఏడ్చిందంటే నమ్మరు. 'పచ్చజెండా' కూడా రైలు చూసిన ప్రతివాడికీ తెలుస్తుంది. 'తెల్ల ఏనుగు' దగ్గరికి వచ్చేసరికి చిక్కు. సియాం రాజు తనకు నచ్చనివాడికి తెల్ల ఏనుగును బహూకరించేవాడనీ, దాన్ని మేపలేక వాడు దివాలా తీసేవాడనీ చెప్పే కథ తెలిస్తేనే అది తెలుస్తుంది. మనకు తెల్ల ఏనుగు అనగానే ఐరావతం గుర్తొస్తుంది, అది నష్టం కాదు, వైభవం. 'పాత్ర పోషించడం' అన్నదైతే నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఊరి నాటకంలో వేషం కడతారు. పాత్రను ఎవరూ పోషించరు, పోషించాల్సింది పెళ్లాం పిల్లల్ని. కానీ ఈ విషయంలో నేను ఓడిపోయానని ఒప్పుకుంటాను. ఈ పాఠం చదివే మీరు కూడా రేపు అదే రాస్తారు.

మనకు ముందే ఈ దారిన నడిచినవాళ్లు

1868లో కెప్టెన్ ఎం.డబ్ల్యు. కార్ మద్రాసులో 'ఆంధ్రలోకోక్తి చంద్రిక' అనే పుస్తకం అచ్చువేశాడు. తెలుగు సామెతలు, వాటికి ఇంగ్లీషు అనువాదాలు, దొరికినచోట పాశ్చాత్య భాషల్లోని పోలికలు. మనం ఇవాళ వాడే మూడు గళ్ల పట్టికకు ఇది తాత లాంటిది. ఆ పరిశ్రమకు నమస్కారం పెట్టాల్సిందే. తెలుగు రాని అధికారికి అది బాగా పనికివచ్చి ఉంటుంది. కానీ దిశ గమనించండి. అక్కడ ఇంగ్లీషువాడు మన మాటలను తన మాటలతో కొలుస్తున్నాడు. మన గైడుల్లో మనమే మన మాటలను ఇంగ్లీషుతో కొలుచుకుంటున్నాం. కొలిచే చేయి మారింది, కొలబద్ద మారలేదు.

వేరే దారి చూపినవారు మన జిల్లాలోనే ఉన్నారు. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1926లో హైదరాబాదులో 'గోలకొండ పత్రిక' ప్రారంభించారు. ఉర్దూ రాజభాషగా ఉన్న రాజ్యంలో తెలుగుకు పలుకుబడి లేని రోజులవి. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' వెలువరించారు. 1949లో వచ్చిన ఆయన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1955లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం పొందిన తొలి తెలుగు గ్రంథం. మనకు ఇక్కడ కావాల్సింది ఆయన పద్ధతి. రాజుల యుద్ధాలు వదిలి, కావ్యాల్లోని తిండి పేర్లు, ఆటల పేర్లు, బట్టల పేర్లు, సామెతలు ఏరి, వాటిని సాక్ష్యాలుగా నిలబెట్టి జనం ఎలా బతికారో రాశారు. ఒక మాటను అర్థం చెప్పి వదిలేయకుండా, ఈ మాట వాడినవాళ్లు ఏం తిన్నారు, ఏం పని చేశారు అని అడిగారు. మనం 'ఎలెవెంత్ అవర్' దగ్గర చేసింది ఆ పనే, చిన్న ఎత్తున.

పాకాల యశోదారెడ్డిది మరో దారి. బిజినేపల్లిలో పుట్టిన ఆమె 1973లో వచ్చిన 'మా ఊరి ముచ్చట్లు' కథల్లో పాలమూరు మాటను ఉన్నదున్నట్టు అచ్చులోకి తెచ్చారు. విశ్వవిద్యాలయంలో తెలుగు చెప్పిన పండితురాలు, గ్రాంథికమూ బాగా తెలుసు. అయినా కథ రాసేటప్పుడు ఊరి ఆడవాళ్ల నోటి మాటను ఎంచుకున్నారు. ఆ కథల్లో జాతీయం ఎప్పుడూ ఒంటరిగా కనబడదు. అది ఒక మనిషి నోట్లో, ఒక కోపంలోనో ఎకసెక్కంలోనో, ఎదుట మరో మనిషి ఉండగా కనబడుతుంది. జాతీయాన్ని అలా నేర్చుకోవాలి. ఇంగ్లీషు జాతీయాలకూ ఇదే మందు. పట్టిక కన్నా ఒక మంచి ఇంగ్లీషు కథ చదవండి, అందులో ఎవరు ఎవరితో ఏ మాట అన్నారో పెన్సిలుతో గీత గీయండి. పది గీతలు చాలు, వంద వరుసల పట్టికకు సమానం.

అభ్యాసం

ఈ వారం మీ ఇంట్లోనో పనిచేసేచోటనో పెద్దవాళ్ల నోట విన్న ఐదు పలుకుబడులు రాసుకోండి. ప్రతిదాని పక్కన ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నారో ఒక్కో వాక్యం రాయండి. అర్థం చివర రాయండి. ఇంగ్లీషు సమానార్థకం దొరక్కపోతే ఆ గడి ఖాళీగా వదలండి, ఖాళీ వదిలినందుకు మార్కులు తగ్గవు.

రెండోది: స్నేహితుని తాత చనిపోయాడు. అతనికి ఇంగ్లీషులో ఐదు వాక్యాల ఓదార్పు ఉత్తరం రాయండి. జాతీయాలు వాడాలన్న నియమం లేదు.